సత్యవాణి కట్టిన ఎర్ర ట్యాగ్

అక్కడ కాదు బాబూ, అక్కడ కాదు. నిచ్చెన ఈ మూలకి వెయ్యి. ఆ మూల ఏటున్నాది? ఏమీ లేదు, బూజు. కారు షెడ్డు షట్టర్ చెడిపోతే ముందు మోటారు చూడాలి గదా. మోటారు ఈ పక్కనున్నాది.

నాలో ఒక మంచి గుణం ఉన్నాది ఉమేష్. మా ఇంటికి పనికి రావడం ఇదే మొదలు గనక ముందే చెప్పేస్తున్నాను. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి తప్పులు చెప్తాను. అడగక్కర్లేదు. టైల్స్ వేసినవాళ్ళకి చెప్పాను, బోరు వేసినవాళ్ళకి చెప్పాను. పక్కింటి పెళ్ళిలో వంటాయనకి కూడా చెప్పాను. ఆయన గరిట నా చేతిలో పెట్టి, వెళ్ళి తీరిగ్గా బీడీ కాల్చుకున్నాడు. అంత గౌరవం నేనంటే.

హెల్మెట్ చూసి నవ్వుతున్నావు, తెల్సులే. మీ నాన్న సింహాద్రీ నేనూ ఒకే షిఫ్టు, మిల్లులో మెయింటెనెన్సు. ముప్పయ్యారేళ్ళు. ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చాలంటే ఇది పెట్టుకునే కుర్చీ ఎక్కుతాను. గోవిందరావంటే సేఫ్టీ, సేఫ్టీ అంటే గోవిందరావు. ఈ మాట ఎవరన్నారంటావా? నేనే అన్నాను. రిటైరైన రోజున, మైకులో.

ఏటి? స్విచ్చికి కట్టిన ఆ ఎర్ర ట్యాగా? అదేం పట్టించుకోకు. పీకి అవతల పారేసి స్విచ్చి వెయ్యి.

అదేటి, చెయ్యి వెనక్కి తీసుకున్నావు?

ఓహో. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసినోడివి గదా, మర్చేపోయాను. నీకూ నేర్పేశారన్నమాట. మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్చి ముట్టకు. ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. పెద్దసారొచ్చి నెత్తిన కూర్చున్నా ఇంకొకడు విప్పకూడదు. నాకు తెలీదనా? కొత్తగా చేరిన పిల్లలందరికీ ఆ పాఠం చెప్పిందే నేను. ఈ ట్యాగ్ కూడా నాదే. వెళ్ళిపోయే రోజున గుర్తుగా ఇచ్చారు.

కానీ కట్టింది నేను కాదు. కింద పేరుంది చూడు, పెన్సిల్‌తో. నీకు తెలుగు చదవడం రాదుగా, నేనే చదువుతాను. ‘కట్టినవారు: సత్యవాణి.’ తేదీ కూడా వేసింది. గుండ్రటి అక్షరాలు, మా ఆవిడవి, అదే, మీ పిన్నివి.

పదకొండు రోజులైంది.

పోట్లాటా? ఛ, ఛ. అలాంటిదేం లేదు. మాట్లాడుతోంది, వండుతోంది, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అంటోంది. షట్టర్ మాటెత్తితే మాత్రం ఆ చెవి వినబడదు, ఈ చెవి వినబడదు. కారేమో లోపల జైల్లో ఉన్నాది. ఆవిడ కోహ్కాలో ఉండే వాళ్ళక్క తులసమ్మ ఇంటికి ఆటోలో వెళ్ళొస్తోంది. నేను సంచీ పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ బజారుకి పోతున్నాను. షట్టర్ చూశావు గదా, మోకాలెత్తున ఆగిపోయింది. చేత్తో గొలుసు లాగితే అంతవరకే వచ్చింది. ఎదురింటి గణపతిరావు గారు పొద్దున్నే వంగి, కింద సందులోంచి నా పాదాలకి గుడ్ మార్నింగ్ చెప్తున్నారు.

కారు సంగతి పోనీ. గుమ్మం పోయింది, అదీ బాధ.

ఈ ఇంట్లో గాలొచ్చేది ఇక్కడొక్కచోటే. నేను షట్టర్ పూర్తిగా ఎత్తి వాకింగ్‌కి పోయేవాణ్ని. ఆవిడ సరిగ్గా షట్టర్ దిగే ఈ గీత మీద ఎర్ర ప్లాస్టిక్ స్టూలేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర తరిగేది. రోడ్డు మీద పోయే ప్రతి మనిషితోనూ మాటలే. పాలాయనతో హిందీ, కూరలామెతో ఛత్తీస్‌గఢీ, పక్కవీధి పిల్ల పద్మశ్రీ వాళ్ళమ్మతో మన తెలుగు. మూడు భాషల్లోనూ నా మీద ఫిర్యాదులే. ఇప్పుడు వంటింట్లో గోడకేసి కూర్చుని తరుగుతోంది. చప్పుడు లేదు.

స్టూలా? స్టూలు చూడలేదేటి నువ్వు? ముందుగదిలో, అద్దాల బీరువాలో, నా సేఫ్టీ షీల్డు పక్కన. అప్పడంలా అయిపోయిన ఎర్రది. ఆవిడే పెట్టింది. వచ్చినవాళ్ళు అదీ నాకొచ్చిన ప్రైజే అనుకుంటున్నారు. ఏ ఏడాది ఇచ్చారండీ అని ఒకాయన అడిగాడు కూడా.

చెప్తానయ్యా, చెప్తాను. పని చేసుకుంటూ విను.

ఆ రోజు నేనూ గణపతిరావు గారూ వాకింగ్ నుంచి వస్తున్నాం. అంతకు ముందు నెలంతా ఆయన నన్ను తినేశాడు. ఈ వీధిలో మోటారు షట్టర్ పెట్టించింది నేనే మొదలు గదా. అది సగం దాకా దిగడం, మళ్ళీ పైకి పోవడం. వేపాకు రాలితే పైకి, పిల్లి దాటితే పైకి. “మీ షట్టర్‌కి ఎక్కిళ్ళు తగ్గాయా గోవిందరావు గారూ?” అని రోజూ పలకరింపు. అందుకని నేనే కాస్త... సరిచేశాను. ఏం సరిచేశానంటే, అది తర్వాత.

వీధి మలుపు దగ్గరికొచ్చాం. అక్కణ్నుంచి షట్టర్ పైభాగమే కనిపిస్తుంది, కింద భాగానికి గణపతిరావు గారి ప్రహరీ అడ్డం. చూడండి అని జేబులోంచి రిమోట్ తీసి నొక్కాను. దిగింది చూడు ఉమేష్, ఏక్‌దమ్ వెన్నలా దిగింది. ఆగలేదు, తడబళ్ళేదు. ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఫట్‌మని చప్పుడు.

లేదు, లేదు. ఆవిడ లేదు అక్కడ. కుక్కర్ మూడో విజిల్‌కి లేచి లోపలికెళ్ళిందట. స్టూలూ, చిక్కుడుకాయల పళ్ళెం మాత్రమే. రోజూ నాలుగో విజిల్ దాకా లేవదు. ఆ రోజు పప్పు కొత్తది, తొందరగా ఉడికిపోతుందని...

వద్దులే.

ఆగాగు! నిచ్చెన ఆ మూలకెందుకు జరుపుతున్నావు? బూజని చెప్పానా? నీ పొట్టకి ఆ నిచ్చెన ఆగదు నాన్నా, దిగు. ఎక్కేశావా. చూసేశావా.

అవే. షట్టర్ సెన్సార్లు, రెండు కళ్ళు.

ఉండాల్సిన చోటు నాకు తెల్సు. కింద, చీలమండ ఎత్తున, ఆ పక్కనొకటి ఈ పక్కనొకటి. మధ్యలో కాలో, తోకో, చంటిపిల్లాడి బంతో అడ్డొస్తే షట్టర్ ఆగి వెనక్కి పోవాలి. అందుకే గదా ఎక్కిళ్ళు. నేనేం చేశానంటే, రెంటినీ ఊడదీసి పైకి తీసుకెళ్ళి, మొహానికి మొహం పెట్టి నల్ల టేపు చుట్టేశాను. ఇంక అడ్డొచ్చేదేటి? కొత్త దంపతుల్లాగ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి. కింద ఎవరు చస్తున్నా వాటికి పట్టదు.

మిల్లులో ఇలాంటి పని ఎవడైనా చేసుంటే? చొక్కా పట్టుకుని ఆఫీసుకి ఈడ్చుకెళ్ళేవాణ్ని. కానీ ఇల్లు గదా అనుకున్నాను. ఇంట్లో ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొస్తారులే అని. హెల్మెట్ పెట్టుకునే చుట్టాను, కావాలంటే పిన్నినడుగు.

అలా చూడకు. అచ్చం సింహాద్రి చూపు.

స్ప్రింగు జోలికి మాత్రం పోలేదు, ఒట్టు. బిగిసి ఉంటుంది, ఊడితే చెయ్యి ఎగిరిపోతుంది, అది తెలిసినవాళ్ళ పని అంటావు. తెల్సు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళాను గానీ, పిన్ని లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. అందుకే ఈవేళ నీకు ఫోన్ చేశాను. లేకపోతే నీకు ఎందుకు చేస్తాను?

విప్పావా కళ్ళు? కిందకే బిగించు. గట్టిగా బిగించు, నేనొచ్చి మళ్ళీ ఊడదియ్యలేనంత గట్టిగా. షట్టర్ అడుగున వంగిన రాడ్ కూడా మార్చేస్తానంటావు, మార్చు.

ఆ రాడ్... అదీ చెప్పేస్తాను, నీకూ మొత్తం తెలియాలి గదా.

చప్పుడు విని పరిగెత్తుకొచ్చాను. నా వయసుకి ఎంత పరుగో అంత. షట్టర్ కింద స్టూలు కాళ్ళు కనిపిస్తున్నాయి, చిక్కుడుకాయలు రోడ్డంతా ఉన్నాయి. ఆవిడ ఎక్కడుందో నాకు తెలీదప్పుడు. తెలీదు ఉమేష్. పక్కనున్న చిన్న తలుపు తీసుకుని లోపలికొచ్చి, నేల మీద బోర్లా పడుకుని చూశాను. చూసి ఏమన్నానో తెల్సా?

“అయ్యయ్యో, రాడ్ వంగిపోయిందే!”

పైకి చూస్తే వంటింటి గుమ్మంలో ఆవిడ. చేతిలో మసిగుడ్డ. ఎంతసేపట్నించి నిలబడిందో. లోపలికెళ్ళి బీరువాలోంచి ట్యాగ్ తెచ్చి, షట్టర్ మెయిన్ ఆపి, తీగ మూడు చుట్లు తిప్పి కట్టింది. అప్పుడన్నది ఒక్కటే మాట.

“ఎవరు కడితే వాళ్ళే విప్పాలి గదండీ. మీరే చెప్పేవారు.”

అంతే.

టీ తాగు, చల్లారిపోతోంది. ఎప్పుడు పెట్టెళ్ళిందేటి మీ పిన్ని? నేను కళ్ళ సంగతి చెప్తున్నప్పుడా, రాడ్ సంగతి చెప్తున్నప్పుడా? నువ్వు చూశావు, చెప్పవు.

అయిపోయిందా? కింద చెక్కముక్క పెట్టి షట్టర్ దింపి చూడాలి, తగలగానే వెనక్కి పోవాలి, నెలకోసారి ఇలా చూసుకోవాలి అంటావు. మనిషి గుమ్మంలో ఉన్నంతసేపూ రిమోట్ నొక్కకూడదు, పూర్తిగా మూసుకునేదాకా కళ్ళెదురుగా చూస్తూ ఉండాలి. రాసుకుంటున్నాను, ఇదిగో. చలో, దింపు మరి.

ఓ. కరెంటు కావాలి.

నువ్వే వెళ్ళి అడగరాదూ? పిన్నీ, పనైపోయింది, ట్యాగ్ విప్పండి అను. నీ హిందీ తెలుగుకి ఆవిడ నవ్వుతుంది, నవ్వితే పని జరిగిపోతుంది. వెళ్ళవా? టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నావేటి?

సరే, ఇంకోటి కూడా విను. అప్పుడు తెలుస్తుంది నేనెందుకు వెళ్ళడం లేదో.

చప్పుడైతే ముందు మనిషి, తర్వాత మిషను. ఈ మాట ఎంతమంది కుర్రాళ్ళకి వల్లె వేయించానో లెక్కలేదు. ఈ పదకొండు రోజులూ నేను కూడా పొద్దున్నా సాయంత్రం వల్లె వేశాను, నువ్వు నవ్వినా సరే. నిన్న వంటింట్లో ఏదో పడింది, పెద్ద చప్పుడు. నేను ముందుగదిలో పేపరు చదువుతున్నాను. ఇక్కణ్నుంచే కేకేశాను.

ఏమని?

“ఏ గిన్నె అది?” అని.

అందుకని ట్యాగ్ అలా ఉండనీ నాన్నా. నువ్వు బిగించినవి బాగానే ఉన్నాయి. ఆ పాఠం నాకే ఇంకా రాలేదు.