మేనేజరు గది గుమ్మం

డిపో ఎదురుగా టీకొట్టు బల్ల మీద మెకానిక్ కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. లేస్తాడు, కూర్చుంటాడు, చేతుల గ్రీజు పాతగుడ్డతో తుడుస్తాడు, గడియారం కేసి చూస్తాడు. మూడున్నర. నోరు మాత్రం ఆగడం లేదు.

“పొద్దున తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. ‘పన్నెండేళ్ళయింది, ఇక హెడ్ మెకానిక్ పోస్టు నాకే ఇవ్వాలి’ అన్నాను.”

“అనేశావా బావా?” అన్నాడు పక్కనున్న డ్రైవరు, అతని బావమరిది.

“అనకేంరా బామ్మర్దీ! ‘ఏం చూసి ఇవ్వమంటావ్?’ అన్నాడు. చూడటం దేనికి, వినండి అని కళ్ళు మూసుకున్నా. బయట ఏదో బస్సు కదిలింది. ‘బేరింగు పోయింది’ అన్నా. విప్పి చూస్తే పోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? డిపోలో నలభై బస్సులూ ఒక్కసారే స్టార్టు చేయించాడు. నలభైకీ నలభై రోగాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేశా.”

“టీ చల్లారిపోతోంది,” అన్నాడు కొట్టు పెద్దాయన.

“ఉండు బాబాయ్! అంతలో పైన విమానం పోతోంది. ‘ఎడమ ఇంజను దగ్గుతోంది, దింపించండి’ అన్నా. దింపించాడు. అందులో ఎవరున్నారనుకున్నావ్? మన కంపెనీ ఓనరు! దిగుతూనే నన్ను కావలించుకుని...”

“అన్నయ్యా,” అంది వెనకనుంచి మేనేజరు గది బయట కూర్చునే గుమాస్తా. “పొద్దుటినుంచి మూడుసార్లు ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయావు. తలుపు తట్టిందే లేదు.”

అందరూ గొల్లుమన్నారు. మెకానిక్ మొహం కందగడ్డయింది.

“హెడ్ మెకానిక్ పోస్టుకి పేర్ల కాగితం నాలుగింటికి హెడ్డాఫీసుకి పోతుంది,” అంది గుమాస్తా. “ నీ దగ్గర పని నేర్చుకున్నవాడి పేరుంది. నీది లేదు.”

నవ్వులు ఆగిపోయాయి.

“ఆ గదిలో నాకు నోరు పెగలదమ్మా,” అన్నాడతను మెల్లిగా. “ఏం చెప్పను?”

“పోయిన నెల గేటు దాటుతున్న బస్సుకి అడ్డంపడి ఆపావు కదా, బ్రేకు చప్పుడు తేడాగా ఉందని? పైపు చిట్లి ఉంది. లోపల యాభైమంది. అది ఎవరికైనా చెప్పావా?”

“అదేముంది, రోజూ చేసే పనేగా.”

“అదే చెప్పు. వెళ్ళు.”

వెళ్ళాడు. గుమాస్తా కూడా వెనకే తన సీటుకి వెళ్ళిపోయింది. పది నిమిషాలకి తిరిగొచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

“విన్నారు. పేరు రాసుకున్నారు,” అన్నాడు.

“అంతేనా?” అన్నాడు బావమరిది.

“అంతే.”

ఆ మాట నమ్మబుద్ధి కాలేదు బావమరిదికి. గుమాస్తాని అడిగి వద్దామని రోడ్డు దాటాడు.