గాలి మార్పు

కాదండీ ఇన్‌స్పెక్టర్ గారూ, గని లిఫ్టులో కూర్చున్నమాట నిజమే. లేవమంటే లేవలేదు, అదీ నిజమే. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపితే గానీ లేవలేదు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ‘రోగుల వైద్యానికి అడ్డుపడింది’ అని రాశారే, అదేం మాటండీ? డాక్టర్ని పట్టుకుని ఎవరైనా అలా రాస్తారా? మా అమ్మ వింటే ఏమనుకుంటుంది?

మొదట్నుంచీ చెప్పమంటారా? చెప్తాను. మీరు ముందు పెన్ను పక్కన పెట్టండి.

గని కార్మికుల ఆరోగ్యం, భద్రత మీద ఒక పరిశోధన నడుస్తోంది. దానికి నేను హెడ్డుని. హెడ్డంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. నేనూ, ఎక్స్‌రే తీసే అమ్మాయీ, వానొస్తే కారే ఒక గదీ. బొగ్గు దుమ్ము మనుషుల ఊపిరితిత్తుల్ని ఎంత తినేస్తోందో తేల్చాలి. అదీ మా పని.

తేల్చాలంటే పోల్చాలి కదా. గనిలోకి దిగేవాళ్ళు ఒక జట్టు, దిగకుండా పైన పనిచేసేవాళ్ళు ఒక జట్టు. అందరి చేతా ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఊదించాం, ఎక్స్‌రేలు తీశాం. చివరికి ఏం తేలిందంటే, కిందవాళ్ళ ఊపిరితిత్తులు బాగున్నాయి. పైనవాళ్ళవే పాడైపోయాయి.

చూశారా, మీరూ కనుబొమలు ఎగరేశారు. నేనూ ఎగరేశాను. ఆనక తీరిగ్గా ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గనిలో పనిచేసేవాడికి ఆయాసం పట్టుకుంటే ఏం చేస్తారు? పైకి తెచ్చి గేటు దగ్గర కూర్చోబెడతారు. లేదంటే చేతికి చీపురిస్తారు. అంటే పైనున్నవాళ్ళలో చాలామంది కిందే పాడైపోయి వచ్చినవాళ్ళు. కింద మిగిలింది ఇంకా పాడవనివాళ్ళు. అంతే.

ఇదంతా రిపోర్టులో రాశానండీ, బొమ్మలు గీసి మరీ. మొదటి పేజీలో ఫలితం, రెండో పేజీనుంచి వివరణ.

మా గని ఛైర్మన్ గారు మొదటి పేజీ చదివారు.

ఆయన చెడ్డమనిషైతే నాకింత బాధ ఉండేది కాదు. కోర్టుకెళ్ళేదాన్ని, పేపర్లకెక్కేదాన్ని. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు సార్. మీటింగులో, అందరి ముందూ. పైగాలి మనవాళ్ళని ఇంత నాశనం చేస్తుంటే ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే అని ఒకటే బాధ. నేను లేచి, సార్, రెండో పేజీ చూడండి అన్నాను. ‘కూర్చోమ్మా, నీ కష్టం ఊరికే పోనివ్వను’ అన్నారు.

పోనివ్వలేదు మరి. గని అడుగున ఒక చోటు చూసి సున్నం కొట్టించారు. మంచాలు వేయించారు. గోడమీద సముద్రం బొమ్మ. బయట ‘ఆరోగ్య విశ్రాంతి మందిరం’ అని బోర్డు. పైనున్న జబ్బుమనుషులందర్నీ పొద్దున్నే దింపడం, సాయంత్రం పైకి తేవడం. గాలి మార్పు అన్నమాట. ఆ పక్క సొరంగంలో బొగ్గు తవ్వడం మామూలే. మధ్యాహ్నానికల్లా తెల్లదుప్పట్లు నల్లబడిపోతున్నాయని నేను వెళ్ళి మొత్తుకున్నాను. విన్నారు. నల్లదుప్పట్లు తెప్పించారు.

మీరు నవ్వుతున్నారు. ఫరవాలేదు, మా ఆయనా నవ్వాడు.

ఛైర్మన్ గారు స్వయానా వాళ్ళత్తగారినే దింపారండీ. ఆవిడకి ఉబ్బసం. అల్లుడి మాట కాదనలేక దిగింది పాపం. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. ఆస్పత్రిని పైన కట్టబట్టే తగ్గడం లేదని ఈయన బెంగ.

అందరి సంగతీ ఒక ఎత్తు, మా వాచ్‌మన్ సంగతి ఒక ఎత్తు. నేను బాబాయ్ అంటాను. ఇక్కడ కొత్తగా చేరినప్పుడు నాకు ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. వయసంతా గనిలోనే గడిపాడు. ఇప్పుడు గేటు దగ్గర్నుంచి కుళాయి దాకా నడవాలంటే మధ్యలో గోడ పట్టుకుని నిలబడాలి. ఎవరు దిగినా నువ్వు మాత్రం దిగొద్దు బాబాయ్ అని బతిమాలాను.

‘కిందున్నన్నాళ్ళూ నాకే జబ్బూ లేదు డాక్టరమ్మా. పైకొచ్చాకే పట్టుకుంది. నీ కాగితంలో కూడా అదే ఉందటగా’ అన్నాడు.

ఆయన విషయంలో జరిగింది అలాగే కనపడుతుంది మరి. రెండో పేజీ తీసి, పక్కన కూర్చుని, ఓపిగ్గా చదివి వినిపించాను. అంతా విని, అయితే మొదటి పేజీ అబద్ధమా అన్నాడు. అబద్ధం కాదు బాబాయ్ అన్నాను. మరింకేం అని తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

అప్పట్నుంచీ రోజూ దిగుతూనే ఉన్నాడు. మొన్న గొట్టంలో ఊదమంటే సూది కదల్లేదు. మిషన్ చెడిపోయిందమ్మా అని నాకే ధైర్యం చెప్పాడు.

అందుకే ఇవాళ పొద్దున్నే వెళ్ళి లిఫ్టులో అడ్డంగా కూర్చున్నాను. బయట వాళ్ళంతా వరసలో నిలబడి దగ్గుతున్నారు. డాక్టరమ్మా, సముద్రం బొమ్మ పక్క మంచాలు అయిపోతాయి, జరుగు అని ఒకాయన విసుక్కున్నాడు. ఛైర్మన్ గారికి కబురెళ్ళింది. వచ్చి నా మొహంలోకి చూసి, పాపం పని ఎక్కువైంది, ఈమెక్కూడా కింద ఒక మంచం వేయించండి అన్నారు. ఆ తర్వాత మీవాళ్ళు వచ్చారు.

ఇదీ జరిగింది. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారేమో కనుక్కోండి. మంచివారే, తీసుకుంటారు.

ఏంటండీ? ఆయన ఇవ్వలేదా?

మరెవరు?

బాబాయా.

కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా.

ఎక్కడున్నాడు, బయట బెంచీ మీదా? పొద్దుట్నుంచీనా? నన్ను ఏమీ అనొద్దని చెప్పాడా. చిన్నపిల్ల, కాస్త భయపెట్టి వదిలేయమన్నాడా. నేను ఇంకెప్పుడూ అడ్డం రానని చెప్తే కేసు వద్దంటాడా.

ఒక్కసారి ఆ ఫ్యాను ఆపండి సార్. వినపడుతోందా? ఆ ఈల. పిల్లలు ఊదుకునేది కాదు, ఆయన ఊపిరి. గోడ అవతల్నుంచి ఇక్కడికి వినపడుతోంది.

నేను చెప్పను సార్. అడ్డం రానని చెప్పలేను.

ఉద్యోగం సంగతి నాకు తెలుసు. పోతే పోనీండి, ఆ గది ఎలాగూ కారుతోంది. మీరు మాత్రం కేసు కట్టండి. గట్టిగా కట్టండి. ఫిర్యాదు ఇచ్చినాయన స్టేషనుకి రావాలి కదా? పొద్దున్నే రమ్మనండి, సాయంత్రం దాకా కూర్చోబెట్టండి. రేపు కూడా రమ్మనండి. వరసలో నిలబడ్డవాళ్ళంతా కళ్ళారా చూశారు, వాళ్ళు సాక్షులు. వాళ్ళనీ పిలిపించండి. ఒక్కొక్కరినీ నింపాదిగా అడగండి, మీకు తోచినన్నాళ్ళు అడగండి. ఇక్కడున్నంతసేపూ కిందికి దిగరు.

ఇంత చదువు చదివి, ఇన్ని ఎక్స్‌రేలు తీసి, వాళ్ళకి నేను రాసివ్వగలిగిన మందు ఇదొక్కటే.

ఇంకొక్క మాట. ఆ బెంచీని కొంచెం కిటికీ వైపుకి జరిపించండి.