సుగ్గి బాట ఎవరిది

ఆదోనిలో మున్వర్ ప్రింటింగ్ ప్రెస్సు. ఎండ నడినెత్తిన ఉంది. ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా వచ్చిన రూత్ చేతిసంచి కూడా కింద పెట్టలేదు.

“మల్లా సదువు ఆ ఉత్తరం.”

“ఒగసారి సదివినా గదమ్మా.”

“మల్లా సదువు మున్వరన్నా. పైకి సదువు. నేను ఇనాల.”

“‘మా కంపెనీ ఆట నియమాలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఆరేళ్ల కిందట ఇచ్చిన అనుమతి, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు.’ సాలునా?”

“సాల్దు. కిందిది.”

“‘ఆ నియమాల మీద ఆటలు తయారుచేసి అమ్మేవారు కొత్త ఒప్పందంపై సంతకం చేయాలి.’ రూతమ్మా, మొదాలు కూకో. బస్సులో నిలబడే వచ్చింటావు.”

“కూకునేకి రాలేదు నేను. ఇంగా కిందిది సదువు. నువ్వు మింగేస్తాండావే, ఆ లైను.”

“‘వారు తయారుచేసిన కథలు, పాత్రలు, బొమ్మలు అన్నింటినీ కంపెనీ ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు.’”

“ఆ. అదీ.”

“పెద్ద కంపెనీలోల్లు అట్లనే రాస్తారు లేమ్మా. అన్నిట్లో ఉండేదే.”

“అన్నిట్లో ఉండేదా? మన సుగ్గి బాట ఆట కంపెనీ రాసిందా, నేను రాసినానా?”

“నువ్వే. ఎవురు కాదన్నారు? కోసిగి హాస్టల్లో నీకాడ సదువుకునే పిల్లోళ్ళకోసరం రాస్తివి. అమ్మానాయనలు సుగ్గికని గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోతే, ఈడ ఒంటిగా ఉంటారని. మొదటి పెట్టె అచ్చేసింది నేనే గదా, నాకు తెలీదా?”

“తెలిసే ఇట్ల మాట్లాడతాండావా? ఒగరు కత సెప్తారు, మిగతా పిల్లోళ్ళు ఆ కతలో మనుసులయితారు. ఒగడు మేస్త్రి, ఒగతి కూలికి పోయే అమ్మ, ఒగతి బడి ఇడ్సిన అక్క. ఆ కతలు మావి. ఆ మనుసులు మావోళ్ళు. పాచికలేసి ఎవురికేమయితాదో తేల్సే రూల్సు ఒగటే గదా వాళ్ళది?”

“ఆ రూల్సు లేకుంటే ఆట ఏడుంది?”

“ఉత్తగా ఇస్తామంటే తీసుకుంటిమి. మనం పోయి దొంగిలించినామా? ‘తీసుకోండి, మార్సుకోండి, అమ్ముకోండి, పెట్టె ఎనకాల మా పేరొగటి ఎయ్యండి సాలు, ఇది శాశ్వతం’ అన్నారు. శాశ్వతమంటే ఏమన్నా? మీ ఉర్దూలో సెప్పు.”

“హమేషా.”

“హమేషా అంటే ఆరేండ్లా?”

“శాశ్వతమని రాసినారంట గానీ, ఎనక్కి తీసుకోము అని యాడా రాయలేదంట. కోర్టులో రెండూ వేరేవేరేనంట.”

“అంటనా? ఎవురు సెప్పినారు?”

“ఎవురో... నెట్లో ఉండాది.”

“నెట్లో ఇంగ్లీషులో ఉండాది. ఈ ఉత్తరమే నేను తెలుగు సేసి పంపిస్తే గదా నువ్వు సదువుతాండేది?”

“లాయరు సెప్పినాడు లేమ్మా.”

“ఏ లాయరు?”

“ఊళ్ళో లాయరు.”

“ఆదోని లాయరుకి పాచికల ఆట లైసెన్సు గురించి తెలుసునా?”

“అరే, ఏల అట్ల మీదమీదికి వస్తావు? నేనేమన్నా రాసినానా ఆ ఉత్తరం? నాకు మాత్రం కోపం లేదా?”

“లేదు. అదే సూస్తాండా నేను వచ్చినకాడినుండి. నీ మొగంలో కోపం లేదు. పోయిన నెల బెంగుళూరు ఎగ్జిబిషన్లో ఏమైంది? వాళ్ళ స్టాలు కాడ ఈగలు తోలుకుంటాండ్రి. మన బల్లకాడ మంది లైను కట్టినారు. తమిళ పిలగాండ్లు గూడా సుగ్గి అంటే ఏమని అడిగి మరీ కొన్నారు. వాళ్ళ మేనేజరు రెండుసార్లు వచ్చి మన పెట్టె తిప్పితిప్పి సూసిపోలేదా?”

“వచ్చినాడు.”

“అదీ కడుపుమంట. ఉత్తగా ఇచ్చినప్పుడు మనమెవురో వాళ్ళకి తెల్దు. నాలుగు సిన్న ఆటలు వస్తే వాళ్ళ పాచికలు ఇంగా నాలుగు అమ్ముడుపోతాయనుకున్నారు. మనం వాళ్ళకన్నా బాగా సేస్తాండామని తెలిసినాక గేటు ఏస్తాండారు. ఏసేది ఏస్తాండారు, లోపలున్న మన సామాను గూడా వాళ్ళదేనంటాండారు!”

“ఇంత అరిసినా వాళ్ళకి ఇనపడదమ్మా. హైదరాబాదులో ఉండారు.”

“నీకు ఇనపడతాది గదా. రెండో పెట్టెలో ఈరమ్మ కత ఉండాది. సేని గట్టుమీద బిడ్డను కని, మూడోనాడు మల్లా కాయలు కోసేకి పోయిన కత. నాకు సెప్పేటప్పుడు ఆయమ్మ రెండుసార్లు లేసి బయటికి పోయింది. ఏడ్సి, మొగం కడుక్కోని వచ్చి, ‘హాస్టల్లో నా బిడ్డ గూడా ఉండాడు, వానికి తెలియనీ, రాసుకో’ అన్నాది. ఆ కత హైదరాబాదోనిది ఎట్లయితాది?”

“అది ఇంగా అచ్చు కాలేదు గదా.”

“కాలేదు. అందుకే ఆ కత రాసిన నోటుబుక్కు ఇచ్చేయ్. తీసకపోయేకే వచ్చినా.”

“ఏ నోటుబుక్కు?”

“ఎర్రట్టది. బొమ్మలేపిస్తానంటే నీకిస్తి గదా.”

“ఓ, అదా. ఈడనే యాడో ఉండాల. ఎతికి పంపిస్తాలే.”

“ఇప్పుడెతుకు.”

“బీరువాలో ఉండాది. తాళం సైదా కాడ ఉండాది.”

“పిలువు.”

“అది పనిలో ఉండాది.”

“నేను పిలుస్తా. వదినా! సైదా వదినా!”

టీ గ్లాసులు పట్టుకుని మున్వర్ భార్య సైదా బీ లోపలి గదిలోంచి వచ్చింది.

“ఎప్పుడొచ్చినావు రూతూ? గొంతు ఇనపడి టీ పెట్టినా. ఎండకి మొగమంతా ఎర్రగయ్యింది సూడు. మంచి కబురు సెప్పినారా మీ అన్న?”

“ఏ కబురు వదినా?”

“సైదా, నువ్వు లోపలికి పో.”

“ఉండండి జీ. మంచి మాట సెప్పేకి గూడా తొందరేనా? శుక్రవారం హైదరాబాదు కంపెనీవాళ్ళు కారేసుకోని వచ్చినారు రూతూ. నా సేతి ఉగ్గాని తిని, బజ్జీలు మల్లా అడిగి ఏపించుకున్నారు. ఇంగ వాళ్ళ పెట్టెలన్నీ మన ప్రెస్సులోనేనంట! గల్లీలో ఆడోళ్ళకంతా పెట్టెలు మడిసే పని, ఏడాది పొడుగూతా. అంతా నీ ఆట వల్లనే గదా. నీ ఎర్ర బుక్కు సూసి శానా మెచ్చుకోని, తీసకపోయినారు.”

“తీసకపోయినారా?”

“నీకు తెల్దా? ఏమాయె రూతూ? ఏల అట్ల సూస్తావు?”

“అన్నా.”

“నేను సెప్దామనే ఉంటి రూతమ్మా.”

“బుక్కు వాళ్ళకిచ్చినావా?”

“సూసి పంపిస్తామన్నారు.”

“శాశ్వతం, ఎనక్కి తీసుకునేది, కోర్టు... అవన్నీ వాళ్ళు సెప్పిన మాటలేనా?”

“మర్యాదగానే మాట్లాడినారమ్మా.”

“సంతకం సేసినావా?”

“ముందు టీ తాగు.”

“సంతకం సేసినావా లేదా!”

“సేసినా. ప్రెస్సు పేరుమీద. పెట్టె అచ్చేసేటోని సంతకం ఉంటే సాలన్నారు.”

“కతలు ఎవురివని రాసిస్తివి?”

“అది వాళ్ళే టైపు సేసి తెచ్చినారు.”

“ఎవురివని ఉండాది దాంట్లో?”

“ప్రెస్సువి అని.”

“ఏందీ? రూతు ఒప్పుకున్నాదని నాకు సెప్తిరి గదా జీ! ‘రూతుకి ఫోన్ సేసినా, ఖుషీ అయ్యింది’ అని సెప్తిరి! నేను వాళ్ళకి బజ్జీలు ఏపించి పెడితిని!”

“నువ్వు సుమ్మనుండు సైదా. ఏం సేయమంటారు నన్ను? పెండ్లి కార్డులు ఫోన్లలో పంపుకుంటాండారు. కరపత్రాలు లేవు. బిల్లుబుక్కులు లేవు. ఈ మిషను మా అబ్బా కాలంనుండి తిరుగుతాండాది, నా కాలంలో ఆగిపోవల్లనా? రూతమ్మా, నువ్వు టీచరమ్మవి. ఆట లేకున్నా నీ బడి ఉంటాది. నాకేముంది? నువ్వే సెప్పు, నాకేముంది?”

“ఈ మాట నాకు సెప్పింటే!”

“సెప్తే ఒప్పుకుంటాంటివా?”

“ఒప్పుకోను! ఒప్పుకోనని తెలిసి, నాకు తెలీకుండా అమ్ముకుంటివా?”

“అమ్ముకున్నానని అనొద్దు.”

“దొంగతనం అనల్లనా మల్ల? ఆ కంపెనీవాళ్ళ మొగం నేను సూడలేదు. వాళ్ళు మాట తప్పితే తప్పినారు, నాకేం సుట్టాలు కాదు. నువ్వు నా ఎదురుగా కూకోని ఆ కతలు ఇన్నావు. ఈరమ్మ కత సదివినప్పుడు మిషను ఆపించి, కండ్లు తుడుసుకుంటివే! నీకు సేతులెట్ల వచ్చినాయన్నా, ఆ బుక్కు తీసి ఇచ్చేకి?”

“నాకు అప్పుడు ఆర్డరొగటే కనపడింది రూతమ్మా. ఇంగేం కనపడలేదు.”

“ఈరమ్మ నాకొక కాయితం రాసిచ్చినాది. ఆయమ్మ కత ఆయమ్మదే, ఎవురు ఏసుకోవాలన్నా కోసిగికి పోయి ఆయమ్మను అడగాల. నీ సంతకం దానిమీద సెల్లదు. రేపు ఆ కాయితం కంపెనీకి పోతాది.”

“అది పోతే నా ఆర్డరు పోతాది! నేను అబద్ధం రాసిచ్చినానని వాళ్ళు నామీదే పడతారు!”

“పడనీ జీ! రాసిచ్చింది అబద్ధమే గదా? ఫోను తీయండి. బుక్కు తిరిగి పంపమనండి. ఇప్పుడే, నా ముందర. లేకుంటే నేనే పోతా హైదరాబాదుకి. వాళ్ళ వాకిట్లో కూకుంటా.”

“నీకేం తెలుసు ఈ యాపారం?”

“యాపారం తెల్దు. మూడు కాన్పులు తెలుసు. ఫోను సేయండి.”

“సరే! సరే, తెప్పిస్తా. సాయంత్రంలోగా మాట్లాడతా. సాలునా? ఇద్దురూ కల్సి సంపేస్తాండారు. బుక్కు వస్తాది, ఈరమ్మ కత ఈరమ్మకే. మల్ల మొదటి పెట్టె సంగతేంది? పాచికల రూల్సు వాళ్ళవి. ఒకటో తేదీ నుండి వాళ్ళ కాయితం లేకుంటే ఏ అంగడోడూ పెట్టెను ముట్టడు. అది నా తప్పు కాదు గదా? నువ్వు ఎంత గొంతు సించుకున్నా, వాళ్ళ రూల్సు లేకుండా నీ సుగ్గి బాట నిలబడదు రూతమ్మా.”

“నిలబడింది.”

“ఏమి?”

“ఉత్తరం వచ్చిన దినమే మొదలుపెట్టినా. మూడు వారాలు పట్టింది. పిల్లోళ్ళు, నేను కూకోని కొత్త రూల్సు కట్టినాం. వాళ్ళ మాట ఒక్కటి లేదు దాంట్లో. ఇరవై మొగాల పాచిక తీసేసినాం, గవ్వలు పెట్టినాం. పిల్లోళ్ళు నాలుగుసార్లు ఆటను సెడగొట్టి సూపించినారు, నాలుగుసార్లు మార్సినా. ఇప్పుడు ముందరికన్నా జోరుగా నడుస్తాండాది.”

“యా అల్లా! ఇంత మాట కడుపులో పెట్టుకోని ఇంతసేపు తిడతాండావా నన్ను? ఇయ్యి, ఈ పొద్దే అచ్చు ప్లేట్లు సేయిస్తా. పోనీ, ఆ ఆర్డరు పోనీ! పెట్టె మీద నీ పేరు పెద్దగా ఏస్తా, ప్రెస్సు పేరు ఎనక్కి పెడతా...”

“అచ్చయితాండాది.”

“యాడ?”

“ఎమ్మిగనూరులో. అశోక్ కాడ.”

“అశోక్ కాడనా? రేటు తగ్గించి తగ్గించి నా గిరాకీలనంతా లాక్కున్న అశోక్ కాడనా? నామీద కోపముంటే తిట్టు, కొట్టు! పోయి పోయి వానికిస్తివా?”

“నేను అశోక్‌కి ఇయ్యలేదు. కొత్త రూల్సు, మొదటి పెట్టె కతలు మొన్న నెట్లో పెట్టినా, అందరికీ. ఎవురన్నా తీసుకోవచ్చు, మార్సుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు. వాడు సూసినాడు, తీసుకున్నాడు. నాకు ఫోను గూడా సేయలేదు. పొద్దున బస్టాండులో ఎవురో సెప్తే తెలిసింది.”

“ఆ కంపెనీ గూడా తీసుకోవచ్చునా?”

“తీసుకోవచ్చు. మా పేరు మటుకు ఏయాల.”

“పిచ్చి పట్టిందా నీకు? అందరికీ ఇచ్చేస్తే నీకేం మిగుల్తాది? రేపు నీకే వద్దనిపిస్తే?”

“అనిపించినా ఏం సేయలేను. ఎనక్కి తీసుకునే హక్కు నాకు గూడా లేదని మొదటి లైన్లోనే రాసినా.”

“రూతూ, టీ సల్లారిపోతాండాది తల్లీ. ఒగ గుక్కన్నా తాగి పో.”

“వద్దు వదినా. బస్సు టైమయ్యింది.”

“ఉండు. ఉండు రూతమ్మా. మల్ల నా సంగతేంది? మొదటి పెట్టె ఏసింది నేను గదా. నేనేం సేయాలో సెప్పి పో.”

“నువ్వు గూడా అచ్చేసుకో అన్నా. నన్ను అడిగే పని లేదు. ఇంగ నా మొగం సూసే పని గూడా లేదు.”