నాకు షుగర్ లేదు

చార్మినార్ వెనక గల్లీలో బాలకిషన్ సేటు మూలికల దుకాణం. షట్టర్ సగం దించి ఉంది. పొద్దున్నుంచీ సేటుకు నోట్లో పాన్ కూడా రుచించడం లేదు. ఎదురుగా మలక్‌పేట వకీలు శ్రీరామమూర్తి, మోకాలి మీద నోటీసు.

"'తాతచూర్ణంతో షుగర్ పోతుంది' అని రాస్తే తప్పేంది వకీల్ సాబ్? మా తాత కాలం నుంచి గదే రాస్తున్నం. గోడల మీద రాసినం, ఆటోకు మైకు కట్టి చెప్పినం. ఎవడన్నా అడిగిండా?"

"ఇప్పుడు అడిగారుగా. సోమవారం ఆఫీసర్ ముందు నిలబడి ఏం చెప్తారు? పోతుందని రుజువుందా?"

"రుజువంటే... జనం కొంటున్నరు గదా."

"అది రుజువు కాదండీ, గిరాకీ."

"గట్లంటే దుకాణం మూసుకోవాల్నా? తాతచూర్ణం ఒక్కటే నడుస్తున్నది సాబ్. కుంకుడుకాయలు ఎవడు కొంటున్నడు గీ రోజుల్ల? గది బంద్ అయితే నేనూ బంద్."

"కంగారు పడకండి. వ్యాపారికీ నోరుంది. తన సరుకు గురించి చెప్పుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చింది. అబద్ధం చెప్పే స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. కాబట్టి మనం అబద్ధం చెప్పం."

"ఆఁ? మరి ఏం చెప్తం?"

"నిజమే చెప్దాం. మీరు కాదు, చూర్ణం వాడే మనిషి చెప్పాలి. తన సంగతి తను చెప్పుకుంటుంటే ఏ ఆఫీసరూ నోరు మూయించలేడు. షుగర్ తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నరు... అంటే... అడగాలె."

"అడగాలా?"

"మస్తు మంది ఉంటరు సాబ్. మళ్ల వచ్చి చెప్పరు గదా!"

"పోనీ, రోజూ తినేవాళ్లు? ఒక్కరైనా?"

"మా ఆగమ్మ తింటది. దుకాణం ఊడుస్తది, గామె. పొద్దుగాల రాంగనే చెంచెడు నోట్లె ఏసుకుంటది. నేను రోజు చూస్త."

"షుగర్ ఉందా ఆవిడకి?"

"ఏడిది? గుండురాయి లెక్కుంటది. బస్తీల క్యాంపు పెట్టినప్పుడు రక్తం తీసి చూసిన్రు, ఏం లేదన్నరు."

"లేకపోతే ఎందుకు తింటోంది?"

"గదెవనికి ఎరుక? దుకాణంలది ముట్టదు మళ్ల. ఇంటికెల్లి తన డబ్బా తెచ్చుకుంటది, కొంగుల కట్టుకొని."

"ఆగండాగండి. షుగర్ లేదు. రోజూ తింటుంది. రెండూ నిజమేనా?"

"నిజమే."

"ఇంకేం కావాలండీ! 'నేను రోజూ తాతచూర్ణం తింటా. నాకు షుగర్ లేదు.' అంతే! ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమనండి."

"అరె వా! షుగర్ ఉండె, పోయింది అని మనం అంటనే లేం!"

"అనం. వినేవాడు అనుకుంటే అది వాడిష్టం."

"కమాల్ చేసిన్రు సాబ్! ఆగమ్మా! ఓ ఆగమ్మా! చీపురు ఆడ పడేసి ఇటు రా."

"ఏంది సేటు?"

"కూసో. గిట్ల, వెలుతురు దిక్కు. ఫోన్ల వీడియో తీస్త. 'నేను రోజూ తాతచూర్ణం తింట, నాకు షుగర్ లేదు' అని చెప్పాలె."

"నేను చెప్ప సేటు."

"చెప్పవా? ఎందుకు చెప్పవ్?"

"నాకు మంచిగ మాట్లాడ రాదు."

"గిప్పుడు మాట్లాడుతలేవా?"

"లోపటంత కసువు అట్లనే ఉన్నది. ఊడ్వాలె."

"కసువు ఏడికి పోదు. వకీల్ సాబ్, మీరన్న చెప్పుండ్రి."

"అమ్మా, నీకు షుగర్ ఉందా?"

"లేదు సారు."

"ఈ చూర్ణం తింటావా?"

"కొంగు ముడి పట్టుకుంటవేంది ఆగమ్మా? తింటది సాబ్, నేను చూసిన."

"తింట."

"మరి ఉన్నమాటే కదమ్మా! నీ మాట నువ్వు చెప్పుకోవడం నీ హక్కు. దానికి అడ్డుపడే అధికారం ఎవరికీ లేదు. సేటుకీ లేదు, నాకూ లేదు, ఆ ఆఫీసరుకీ లేదు."

"ఎవ్వరికి లేదా సారు?"

"ఎవ్వరికీ లేదు."

"వద్దు సేటు, నన్ను ఇడిచిపెట్టు. మహేశ్వరి పోయి ఏడాది గూడ గాలే. గిట్ల ఫోన్లల్ల కనబడితె మంచిగుండది."

"నా దిక్కు చూడు ఆగమ్మా. బిడ్డ పోయిందని పనికి రాకపోతివి, ఏమన్న అన్ననా? గోదాం ఎనక అర్ర ఎవరిచ్చిండ్రు? దుకాణం బంద్ అయితే గా అర్ర ఉంటదా? మహేశ్వరి పిల్లను ఏడ పండబెడ్తవ్, దబీర్‌పురా స్టేషన్లనా?"

"గా మాట అనకు సేటు."

"అనిపిస్తున్నది నువ్వే. చెప్తవా, అర్ర ఖాళీ చేస్తవా?"

"చెప్త. నాకు షుగర్ లేదు."

"గట్ల పీనుగ లెక్క గాదు! జెర నవ్వు. చూడుండ్రి సాబ్, మొఖం ఎట్ల పెట్టిందో."

"నవ్వక్కర్లేదండీ. మనసులోంచి చెప్పమ్మా. నేర్పినట్టు వద్దు. నీ మాటల్లోనే చెప్పు."

"నా మాటల్లనే?"

"నీ మాటల్లోనే. నిజం చెప్తే చాలు."

"తీస్తున్న. ఊఁ, షురూ చెయ్."

"నా పేరు ఆగమ్మ. నేను రోజు తాతచూర్ణం తింట. నాకు షుగర్ లేదు. నా బిడ్డ మహేశ్వరికి ఉండె. దసరకు మా సేటు చీరెతోని డబ్బాలు గూడ పెట్టిండు. ఇది తినమను, సూదులు బంద్ చేయమను అన్నడు. బంద్ చేసింది. దీపావళి చూడలే. కక్కుకుంట, ఊపిరి అందక, నా ఒళ్లెనే పోయింది. మిగిలిన డబ్బాల ఆమె నోట్లె పెట్టుకున్న చెంచ అండ్లనే ఉన్నది. పారేద్దామంటె చేతులొస్తలేవు. గందుకే తింటున్న."

"ఆగమ్మా..."

"అయిపోయిందా సేటు?"

"ఆఁ. అయిపోయింది. పో, పోయి ఊడ్సుకో."

"నేను చెప్పిందంత వస్తది గదా సారు?"

"వస్తుందమ్మా, వస్తుంది. వెళ్లు."

"సాబ్... నాకు ఎరుక లేకుండె సాబ్. జ్వరమొచ్చి పోయిందన్నరు. దేవుని తోడు, గట్లనే అన్నరు. గీ చూర్ణమని నాకు..."

"బాలకిషన్ గారూ, ఫోన్ ఇలా ఇవ్వండి. ఆ గొంతులో తడి విన్నారా? డబ్బిచ్చి పిలిపించినా ఏ నటీ అలా పలకలేదు. 'షుగర్ లేదు' దగ్గర వీడియో కోసేద్దాం."