హంపవ్వకు ఒక్క తల చాలు

ఎమ్మిగనూరు, 1972. ఈరప్ప ఫోటో స్టూడియో. ఆదోనిలో గడియారాలు బాగుచేసే శేషన్న, కబురందుకుని పొద్దున బస్సుకే దిగాడు.

"సూడు శేషన్నా, ఎలుతురుకు పెట్టి సూడు. ఏమన్నా కనపడుతాందా?"

"నువ్వు కనపడుతాండావు."

"నేను కాదప్పా! ప్లేటులో ఏముంది?"

"ప్లేటులో ఏమీ ల్యా. కిటికీ అద్దం మాదిరి తెల్లగుంది. కడిగింది మాత్రం బాగా కడిగినావు ఈరప్పా."

"ఎగతాళా? మూడు ప్లేట్లు తీస్తి. మూడింట్లోనూ హంపవ్వ ల్యా. కుర్చీ ల్యా. ఎనక పరదా మీద రాయించిన తాజ్‌మహలు గుడక ల్యా. అంతా నీ డబ్బా మింగింది."

"నా డబ్బానా? నా డబ్బా అంటావా? నీ నాయన కాలం నాటి పెద్ద కెమెరాకి షట్టరు కావల్లని కాళ్లు పట్టుకున్నిందెవరు? ఆదోనంతా తిరిగి, సచ్చిపోయిన ఫోటో మాస్టరు ఇంట్లో, అటక మీద, పావురాల రెట్ట కింద..."

"తెలుసులేన్నా. నూరుసార్లు సెప్పినావు."

"నూటొకటోసారి ఇను. ఆ డబ్బా మూతి పెద్దది, నీ లెన్సు మూతి సన్నది. పత్తి సీజను అయిపోయేదాకా ఆగి, జిన్నింగు మిల్లులో లేతు మిషనాయన్ని బతిమాలి, నడుమ ఇత్తడి రింగు తిప్పించినా. స్ప్రింగు తెగింటే నా సొంత అలారం గడియారం పొట్ట కోసి ఏసినా. ఆ దినం నుంచి మా ఇంటిది తిడితేనే లేస్తాండా నేను."

"షట్టరు లేకనే బాగుండె నాకి. మూత తీసి, ఒకటి, రెండు, మూడు ఎంచి, మూత పెడితే పటం."

"బాగుండిందా? హంపవ్వకి మూడుసార్లు తీసి, మూడుసార్లూ రెండు తలలు తెచ్చిన మొగోడు ఎవరప్పా?"

"ఆమె తల ఊగుతాంటే నేనేం సేసేది? నేను మూడు ఎంచేలోపల అది ఈ గోడ నుంచి ఆ గోడకు పోయొస్తాది. షట్టరైతే రెప్పపాటులో పట్టుకుంటాదంటేనే కదా నిన్ను అడిగింది."

"మరి పట్టుకోలేదా?"

"రబ్బరు గుండు పిసికినా. లోపల గుడ్డ సర్రున జారింది. టక్ అన్నింది. అవ్వ గుడక బాగుందిరా సప్పుడు అన్నింది."

"లెన్సులో ఆమె కనపడిందా?"

"డబ్బా తగిలించక ముందే ముసుగేసుకొని సూసుకున్నా. తలకిందులుగా బెమ్మాండంగా ఉండె. ఆపైన డబ్బా తగిలించినా."

"ప్లేటుకు ఎలుతురు తగలకుండా అడ్డముండే తడక లాగినావా?"

"ముప్పై ఏండ్లుగా ఫోటోలు తీస్తాండా!"

"అడిగితే తప్పా? సరే, లోపల గుడ్డ ఎవరు ఏసినారు? నేనిచ్చినప్పుడు పాతది పొగాకు మాదిరి పొడి పొడి అయ్యిండె."

"అది నువ్వే కదా అంటివి, మీ ఊర్లో ఇన్ని మగ్గాలు పెట్టుకొని గుడ్డ నన్నడుగుతావా అని. గోవిందుతో నేయించినా. హంపవ్వ కొడుకు గోవిందే. పోగులు ఒత్తుగా ఏసి, నల్లరంగు అద్ది, ఎండకు పట్టినా సుక్క ఎలుతురు దూరకుండా నేసినాడు."

"నడుమ కిటికీ కోసినాడా? గుడ్డ జారేటప్పుడు ఆ కిటికీ లెన్సు ముందర పోతేనే ఎలుతురు లోపలికి పొయ్యేది."

"కోసినాడు. నా కండ్ల ముందరే, అరసెయ్యంత. ఆపైన రెండు కర్రలకీ గుడ్డ అంటించి, సుట్ట సుట్టి, జిగురు ఆరల్ల, వారం ఆగి తీసుకోపో అన్నాడు. వారానికి పోయి తెచ్చి, సుట్టింది సుట్టినట్లే డబ్బాలో దింపినా."

"ఇప్పి సూసినావా?"

"అంత బాగా సుట్టింటే ఇప్పేదెందుకు?"

"డబ్బా ఇటియ్యి. ఆ దారం లాగు. మెల్లగ. ఇంగా లాగు... ఇంగా... ఈరప్పా."

"ఏం?"

"కిటికీ యాడ?"

"ఉంటాది, లాగు."

"కొస వచ్చేసింది."

"ఉండల్లన్నా! కోసినాడని సెప్తాంటే..."

"కంట్లో అద్దం పెట్టుకొని సూస్తాండానప్పా. పోగుకు పోగు ఉంది. కత్తెర పెట్టిన జాడే ల్యా. గోవిందు నీకు ఒగటి సూపించి ఇంగొకటి ఇచ్చినాడు."

"ఒరే ఈరప్పా! ఉండావా, సచ్చినావా?"

"వచ్చిందన్నా హంపవ్వ. ఏం సెప్పేది?"

"నాకు ఆదోని బస్సుకు టైమయింది."

"గమ్మున కూసో! రా అవ్వా, రా."

"ఎవురప్పా ఈయన, కంట్లో డబ్బీ పెట్టుకోనుండాడు?"

"శేషన్న అవ్వా. షట్టరు తెచ్చినాయన."

"నాకు ఒక్క తల తెచ్చినాయనా? సల్లగుండు నాయనా. ఏదిరా నా ఫోటో?"

"అది... ఇంగా ఆరల్యా అవ్వా."

"మూడు దినాలాయె. నానేసిన కంబళి గుడక ఆరతాది."

"రాలేదవ్వా. నువ్వు పడల్యా దాంట్లో."

"నేను కుర్చీలోనే కూసున్న్యా కదరా! ల్యాకుంటే యాడికి పోతి?"

"మల్లా తీస్తాలే."

"ఎప్పుడు తీస్తావు? నా కొడుకేమంటాడు తెలుసునా? అమ్మా, ఉత్తగా తిరగాకు, నువ్వు పోయినాక కుర్చీలో కూసోబెట్టి తీయిస్తా, అప్పుడు తల ఊగదు అంటాడు. మా ఆయనకు అట్లనే తీసిరి. ముక్కులో దూది, మెడ పడిపోకుండా కుర్చీకి టవాలుతో కట్టి. ఇరవై ఏండ్లుగా గోడ మీద సూస్తాండా, ఒగ దినమన్నా నా మొగుని మాదిరి కనపడల్యా ఆయప్ప. నాకట్లాంటిది వద్దురా. నేను వక్కాకు నములుతా, కండ్లు తెరుసుకొని ఉండల్ల గోడమీద."

"మీ ఆయన ఫోటో తీసింది మా నాయనే అవ్వా."

"ఎరికే. పీనుగును నవ్వమని సెప్పినోడు మీ నాయన."

"అవ్వా, నేను సెప్తా ఇను. తప్పు ఈరప్పది కాదు, మీ గోవిందుది. ఈ గుడ్డకు నడుమ బొక్క పెట్టకుండానే ఇచ్చినాడు."

"ఎవురు సెప్పిరి శేషన్నా? బొక్కుండె. అరసెయ్యంత."

"ఉండెనా? మరి ఏమాయె?"

"నేనే పూడిస్తి."

"ఏం సేస్తివి?"

"రఫూ సేస్తినప్పా. మగ్గమోళ్ల ఇంట్లోనుంచి సినిగిన గుడ్డ బయటికి పోతే నలుగురూ ఏమంటారు? అదీ నా ఫోటోకు! గోవిందు నూలుకు పోయిండె. నాలుగు మద్దేనాలు కూసోని, అదే నల్ల నూలు పోగుకు పోగు ఎక్కించి, మల్లా సుట్టిపెడితి. వానికీ సెప్పల్యా."

"అయ్యో నా తల్లీ! ఆ బొక్కలోనుంచే కదా నువ్వు లోపలికి రావల్ల!"

"బొక్కలోనుంచి దూరేకి నేనేమన్నా ఎలకనారా?"

"నువ్వు కాదు, ఎలుతురు! నీ వాకిలి నువ్వే కుట్టేస్తివి కదవ్వా!"

"ఈ ముక్క ముందర సెప్పేకేం రోగం నీకి? గుడ్డ అంటివి, నేసిస్తిమి. బొక్క కావల్లంటివా నాతో?"

"ఉండు ఈరప్పా, అరవాకు. అవ్వా, నిజంగా ఇది నీ సేతిపనేనా? ఈ అద్దంలో ఎంట్రుక మందం పండ్లుండే గడియారం సక్రాలు సూసేటోణ్ణి నేను. యాడ మొదలయిందో, యాడ అయిపోయిందో కనపడల్యా."

"ఇటియ్యి. ఇదో, ఈడ మొదలు. ఈడ ఆకరు."

"కనపడల్యా."

"కనపడితే అది రఫూ ఎట్లయితాది?"

"తల ఊగుతాంటే ఎట్ల కుట్టినావవ్వా?"

"తలతో కుడతారా ఎవరన్నా? సెయ్యి ఊగదు నాకి. పదేండ్లాయె, గోవిందు నన్ను మగ్గం సాయకు రానిచ్చి. పోగులు తెంపుతావు, పక్కకు కూసో అంటాడు. పక్కకే కూసున్న్యా."

"సరేలే అవ్వా, అయిందేదో అయింది. శేషన్నా, ఆ కత్తెర ఇటియ్యి. కోసేది ఒక్క నిమిషం పని. పో అవ్వా, కుర్చీలో కూసో. ఈసారి ఒక్క తలే, నాది పూచీ."

"ఏంది కోసేది?"

"అదే, నువ్వు పూడ్చింది."

"కత్తెర ఆడ పెట్టు ఈరప్పా."

"కోయకుంటే నువ్వు పడవు అవ్వా."

"ఆడ పెట్టమంటి. శేషన్నా, ఏమంటివి నాయనా? కనపడల్యా అంటివి కదా?"

"ఒట్టు అవ్వా. కనపడల్యా."

"ఆ గుడ్డ నాకియ్యండి. గోవిందు మగ్గం మీద పరిసి, యాడ కుట్టినానో ఎతుకురా సూద్దాం అంటా. ఒరే, నీ పాత మూత యాడుంది?"

"మూతా? మూతతో తీస్తే మల్లా రెండు తలలే అవ్వా!"

"తియ్యరా. మూడు కాకుంటే ఐదెంచు. రెండొస్తే రానీ, సచ్చినోళ్లకు ఒగటే కదా వచ్చేది."