ఆర్థరన్న కారుకు ముందర బరువు

రాప్పా లియో, రా. బండి ఆ పట్టుపురుగుల షెడ్డు పక్కన నీడకు పెట్టు. కూచో. కుర్చీ యాడిదప్పా, దాని కాలు మొన్ననే విరిగింది. ఆ తిరగేసిన రాతి మీద కూచో, మా ఇంటికి వచ్చినోళ్లంతా దాని మీదనే కూచుంటారు. చిక్కమ్మా, ఆర్థరన్న మనవడు వచ్చినాడు, మజ్జిగ తే. ఊఁ, ఏమన్నావు? కొత్త పెద్దరోడ్డులో అరవై దాటినాక బండి పాము మాదిరి పోతుండాదా? లారీ పక్కన పోతే ఆ గాలికి అవతలికి తోసేస్తుండాదా? వంపులో ఎనకభాగం ముందరికి వస్తానంటుండాదా? మీ అమ్మ ఎక్కనే ఎక్కనంటుండాదా? నవ్వుతుండానని అనుకోవద్దు. నలభై ఏండ్ల నాడు ఇవే మాటలు ఇదే కారు గురించి నేను విన్నాను. అప్పుడు అన్నది మీ అవ్వ ఎస్తరమ్మ, ఇప్పుడు అంటుండేది ఆమె కూతురు. నువ్వు మీ తాత బండిని రాబర్ట్‌సన్‌పేటలో ఎవరి షెడ్డులోనో వెతికి కొని తెచ్చినావు, రంగేసినావు, సీట్లు కుట్టించినావు. అంతా బాగుండాది. ముందర మూత తీసి చూసినావా? ఖాళీగా ఉండాది గదా. అదేనప్పా. ఉండు, చెప్తాను.

మీ తాతను నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందే పోయినాడు. చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గనిలోకి మనుషుల్ని దించే తొట్టి ఉండె గదా, దాని ఇనుపతాడు చూసేది ఆయప్ప పని. తెల్లారి, ఎవరూ దిగకముందే, తాడును మెల్లగా నడిపిస్తా వేళ్లతో తడిమి చూసేవాడు. ఒక్క తీగ తెగినా వేలికి తెలిసేది. ముప్పై ఏండ్లు చేసినాడు ఆ పని. ఒక్క దినం గూడా నిన్ననే చూసినాను గదా అని వదిలిపెట్టలేదు. కాఫీ తాగేది ఒక లోటా, మాట్లాడేది నాలుగు మాటలు. గని కంపెనీ నట్టు ఒకటి చొక్కా జేబులో పడి ఇంటికి వచ్చిందని, మూడు మైళ్లు సైకిలు తొక్కి తిరిగి ఇచ్చి వచ్చినాడు. నాకు ఎట్ల పరిచయం అంటావా? నేను ఈ బైరకూరు నుంచి రాగులు తీసుకుపోయి గనివాళ్లు ఉండే ఆ లైన్లలో ఇండ్లకు పోసేవాణ్ణి. మీ అవ్వ తూకం చూసే తీరు ఉండాదే, దాని గురించి చెప్పాలంటే ఇంగో పూట కావాల. సరే, కారు సంగతి.

ఊరు విడిచిపోతున్న ఒక డాక్టరు ఆ కారును చవకగా ఇచ్చేసినాడు. అప్పటికే అది ముసలిది. ముందర పెట్టె, ఎనక ఇంజను. లైన్లలో పిల్లకాయలు దానికి కోడిపెట్ట అని పేరు పెట్టినారు. ఎందుకంటే నిలబడితే ఎనక దిగి ముందర లేసి, గుడ్డు మీద కూచున్నట్లే ఉండేది. రాబర్ట్‌సన్‌పేట బజారులో తిప్పితే ముత్యం మాదిరి పోయేది. పెద్దరోడ్డు ఎక్కితేనే దాని బుద్ధి బయటపడేది. మీ అమ్మకు హొసకోటలో సంబంధం కుదిరింది. నిశ్చయం చేసుకొని తిరిగి వస్తున్నాము, నేను ముందర, మీ అవ్వ ఎనక టిఫిను క్యారియరు పట్టుకొని. నరసాపురం వంపులో ఎదురుగా లారీ వచ్చింది. ఆర్థరన్న గబుక్కున యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసినాడు. అంతే, ఎనక చక్రాలు రోడ్డు వదిలేసినాయి. బొంగరం మాదిరి ఒక చుట్టు తిరిగి, వచ్చిన దిక్కుకే మొగం పెట్టి నిలబడింది బండి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సాంబారు మాత్రం అంతా నా వీపు మీదనే. మీ అవ్వ మెల్లగా దిగింది, చీర దులుపుకుంది, బస్సు ఎక్కి ఇంటికి పోయింది. ఇంటికి పోయినాక చెప్పింది: "నా బిడ్డ పెండ్లికి ఈ బండి వద్దు. వ్యాను మాట్లాడు."

మీ అమ్మేమో చిన్నప్పటినుంచి ఒకటే పట్టు, చర్చికి నాయిన బండిలోనే పోతానని. సైకిలు ముందర కమ్మీ మీద కూచున్న కాలంలో ఆయన మాట ఇచ్చినాడంట, బండి కొంటాను, పెండ్లికి నేనే తీసుకుపోతాను అని. ఆ మనిషికి మాట ఇస్తే తాడు కట్టినట్లే గదా. ఇంట్లో మూడు దినాలు ఇదే రచ్చ. నాలుగో దినం మీ అవ్వ ఒక ఒప్పందానికి వచ్చింది. ఇంగ మూడు శనివారాలు హొసకోట దాకా పోయి రావాల. పక్కన మునివెంకటప్ప, అంటే నేను, కూచోవాల. మూడు సార్లూ బండి గీత గీసినట్లు పోయిందని నేను చెప్తే, బిడ్డను ఎక్కించుకోవచ్చు. తాను మాత్రం వ్యానులోనే వస్తాది. నన్నెందుకు పెట్టింది అంటావా? నాకు భయం ఎక్కువని ఆమెకు తెలుసప్పా. భయపడేవాడు అబద్ధం చెప్పలేడని ఆమె లెక్క.

మొదటి శనివారం నేను ఒక మూట రాగులు తెచ్చుకున్నాను, కోలారు సంతలో అమ్ముకుందామని. ముందర పెట్టెలో వేసినాము. ఏమి చెప్పేది, కోలారు దాకా బండి తొణకలేదు, బెణకలేదు. ఆర్థరన్న మొగం వెలిగిపోతుండాది. చక్రాలకు గాలి సరిచేసినాను, దానికే కుదురుకుంది అంటాడు. కోలారులో మూట దించినాము. ఊరు దాటినామో లేదో, మళ్లా అదే పాము. నేను రెండు చేతులతో తలుపు పట్టుకున్నాను. ఆయన బండి రోడ్డు పక్కకు తీసి ఆపి, దిగి, చుట్టూ తిరిగి చూసినాడు. శానాసేపు చూసి, "మునివెంకటప్పా, నీ రాగులు యాడ?" అన్నాడు. అమ్మేసినాను గదా అన్నాను. అప్పుడు అర్థమయింది ఇద్దరికీ. బరువంతా ఎనక ఉండాది, ముందర చక్రాలకు రోడ్డు మీద పట్టు లేదు. బండిని నడిపింది గాలి కాదు, నా రాగిమూట.

ఇంగ బరువు వెతుకులాట. బైరకూరు నుంచి మన్ను మూట తెచ్చి ఇచ్చినాను. వంపులో మూట చినిగి మన్నంతా ఒక పక్కకు జారింది, బండి కుంటి ఎద్దు మాదిరి ఒరిగి నడిచింది. అది రెండో శనివారం. ఆ రెండూ నేను లెక్కకు తీసుకోలేదని ఆర్థరన్నకు కోపం గూడా రాలేదు, సరే అన్నాడు, ఇంగో రెండు శనివారాలు ఎక్కువ పోదాము అన్నాడు. వర్క్‌షాపులో గని స్టోరు చూసే మూర్తి అని ఒకాయన ఉండె. పాత ఇనుప దిమ్మ ఒకటి మూల పడుండాది ఆర్థరూ, ఎత్తుకుపో, పదేండ్లుగా దాన్ని అడిగినోడు లేడు అన్నాడు. సరిగ్గా ఆ పెట్టెకు కొలత తీసినట్లు ఉండె అది. నేను గూడా తీసుకో అన్నాను. "అడిగినోడు లేకపోతే అది నాది అవుతుందా?" అన్నాడు మీ తాత. గని దిబ్బల మన్ను చూపించినాను, కొండంత ఉండాది గదా అని. అదీ కంపెనీదే అన్నాడు. ఆయప్పతో వాదన పెట్టుకుంటే గోడతో పెట్టుకున్నట్లే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అవ్వ చర్చిలో ఆడవాళ్ల కూటానికి పోయింది. ఆర్థరన్న నన్ను ఇంటి ఎనక్కి పిలిచినాడు. అక్కడ రుబ్బురోలు ఉండె. నల్లరాయి, యాభై కేజీలకు తక్కువ ఉండదు. చెరో పక్క పట్టి ఎత్తినాము. గోనెపట్ట చుట్టి, తిరగేసి ముందర పెట్టెలో కూచోబెట్టి, బజారులో కొన్న కొత్త పగ్గంతో ఎట్ల కట్టినాడంటే, ఆ ముడి చూడను రెండు కండ్లు చాలవు. అప్పుడు ముందర చక్రాలకు రోంత గాలి తగ్గించి, ఎనక చక్రాలకు పెంచినాడు. ప్రతి దినం తెల్లారి, చక్రాలు వేడెక్కకముందే, గాలి కొలిచేవాడు, తాడు చూసినట్లే. ఇంగో పాఠం గూడా నేర్చుకున్నాడు. వేగం తగ్గించేది వంపుకు ముందే తగ్గించాల, వంపులోకి దిగినాక భయపడి కాలు తీయకూడదు. నువ్వూ ఇది గుర్తు పెట్టుకో. ఆ తర్వాత మూడు శనివారాలు బండి గీత గీసినట్లు పోయింది. లారీలు పోతుంటే నేను నిద్రపోయినాను, నమ్ముతావా?

ఇక్కడ మీ తాత తప్పు చేసినాడప్పా. పెండ్లి ముందర, పిండి రుబ్బే కాలంలో, రోలు పోయింది. పొత్రం ఉండాది, రోలు లేదు. మీ అవ్వ లైను లైనంతా అడిగింది. పక్కింటి సౌభాగ్య మీద అనుమానం పడింది, ఎందుకంటే ఆమె ఒకసారి పొత్రం తీసుకుపోయి వారం దాకా తేలేదు. నానా మాటలు అనింది. సౌభాగ్య ఏడ్చింది. మొగుణ్ణి మాత్రం అడగలేదు, రోలు సంగతి మగవాడికేం తెలుస్తాదని. అడగలేదు గనక ఆయన చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. పెండ్లి అయినాక చెప్తాను అనేవాడు నాతో. కంపెనీ నట్టు ముట్టనివాడు సొంత వంటింట్లో దొంగ అయినాడు. నన్ను గూడా అడిగింది, బండిని ఎట్ల బాగుచేసినాడు అని. ముందర బరువు పెట్టినాడమ్మా అన్నాను. ఏం బరువు అనింది. రాయి అన్నాను. రోలు రాయి గాక ఏమి?

పెండ్లి దినం వచ్చింది. హొసకోట చర్చిలో పదకొండుకు పెండ్లి. ఏడున్నరకు బయలుదేరినాము, ఎనక సీట్లో మీ అమ్మ తెల్లచీరలో, ముందర నేను. మా ఎనక వ్యానులో మీ అవ్వ, పాటలు పాడే ఆడవాళ్లు. లైన్లు దాటేచోట కంపెనీ గేటు, అక్కడ కావలి దొడ్డమునియప్ప. ఆర్థరు దినమూ కారులో రాయి పెట్టుకొని తిరుగుతుండాడని ఎవరో చెప్పినారు ఆయనకు. బంగారు గనుల ఊర్లో గోనెపట్టలో చుట్టిన రాయి అంటే బంగారురాయి దొంగతనమనే గదా, నీకు చెప్పాల్సిన పనిలేదు. ముందర మూత తీయించినాడు. మొదట ఇంజను లేదని ఆశ్చర్యపోయినాడు. "ఇంజను ఇంట్లో పెట్టి, రాతిని ఊరేగిస్తుండావా ఆర్థరప్పా?" అన్నాడు. తర్వాత నవ్వు ఆపేసినాడు. పెండ్లని తెలుసు, నువ్వు ఎట్లాంటి మనిషివో తెలుసు, అయినా రాయి రాయే, ఎవరిదో తేలాల, ఆఫీసరు వచ్చేది పదికి అన్నాడు. పదికి ఇక్కడే ఉంటే పెండ్లి యాడిది? మీ అమ్మ కండ్లలో నీళ్లు తిరిగినాయి. ముప్పై ఏండ్ల మంచిపేరు ఆ గేటు కాడ నడివీధిలో నిలబడింది. నేను ఆ కావలాయన మీదికి పోబోతే మీ తాత చెయ్యి అడ్డం పెట్టినాడు. "నీ పని నువ్వు చెయ్యి దొడ్డమునియప్పా, నీది తప్పు కాదు" అన్నాడు. అది నా పెండ్లాము రోలు అని గూడా చెప్పినాడు. చెప్పేటప్పుడు వ్యాను దిక్కు చూడలేకపోయినాడు.

మీ అవ్వ దిగి వచ్చింది. గోనెపట్ట తొలగించి చూసింది. ఎంతసేపు చూసిందంటే, వ్యానులో పాట ఆగిపోయింది. "ఇది నా రోలే. అంచున ఈ పెచ్చు నేను కాపురానికి వచ్చిన ఏడే ఊడింది" అనింది. రోలయితే పొత్రం ఉండాల గదా తల్లీ అన్నాడు దొడ్డమునియప్ప. మీ అవ్వ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. పది నిమిషాలకు వచ్చింది చూడు, పట్టుచీర, తలలో పూలు, నడుముకు చంటిబిడ్డను ఎత్తుకున్నట్లు పొత్రం. మాతో రోలు దించి, తిప్పి పెట్టించి, పొత్రం అందులో దింపి ఒక్క చుట్టు తిప్పింది. గుంతకు గుండు సరిపోయింది. అడుగున ఎండిన పిండి గూడా రాలింది. దొడ్డమునియప్ప గేటు ఎత్తినాడు. ఎత్తి, తానే ఒక చెయ్యి వేసి రోలును మళ్లా పెట్టెలో పెట్టినాడు. పొత్రం గూడా పక్కనే పెట్టి కట్టమనింది మీ అవ్వ, ఇంగో పది కేజీలు ఉంటే మంచిదే గదా అని. అప్పుడు నా తలుపు తీసి, "మునివెంకటప్పా, దిగు. వ్యానులోకి పో" అనింది. నేను దిగినాను. ఆమె కూచుంది. మొగుణ్ణి చూసి ఒకటే అనింది: "సౌభాగ్యకు నువ్వే చెప్పుకోవాల."

నేను హొసకోట దాకా ఆడవాళ్ల మధ్య కూచొని పాట పాడినాను, రాని పాట. కండ్లు మాత్రం ముందర పోయే కారు మీదనే. మీ అవ్వ చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చి పైకప్పును పట్టుకొని ఉండె. నరసాపురం వంపు వచ్చింది. ఆర్థరన్న ముందే వేగం తగ్గించినాడు. ఎదురుగా లారీ గూడా వచ్చింది, పిలిచినట్లే. బండి తొణకలేదు. వంపు దాటినాక ఆ చెయ్యి కప్పును వదిలి లోపలికి పోయింది, పూలు సరిచేసుకోను. నాకు అది చాలింది.

మర్నాడు మీ తాత సౌభాగ్య గుమ్మం కాడ తల వంచుకొని నిలబడినాడు. నేను పక్కనే ఉండాను. "తాడులో ఒక తీగ తెగితే చెప్పకుండా ఉండినట్లే అమ్మా నేను చేసింది" అన్నాడు. ఆమె నవ్వేసింది. ఆయన మాత్రం ఆ నెలంతా వాళ్లింటికి నీళ్లు మోసినాడు. ఆ తర్వాత మీ అవ్వకు కొత్త రోలు కొనిచ్చినాడులే, పాతది బండికే ఉండిపోయింది. ఆయన పోయినాక బండి కొన్నవాడు, ఈ రాయి ఎందుకని తీసి పారేయబోయినాడు. మీ అవ్వ నాకు కబురు చేసింది, ఎద్దులబండి కట్టుకొని పోయినాను.

ఇప్పుడు లెయ్యప్పా. ఏమి చూస్తావు, లెయ్. నువ్వు కూచున్నదే అది. ఆ పక్క పట్టు, మోకాళ్లు వంచి ఎత్తు, నడుముతో ఎత్తొద్దు. పగ్గం నా కాడ ఉండాది, ముడి నేను చెప్తాను. మీ అమ్మను మాత్రం ముందరే పిలిచి చూపించు, దాచొద్దు. పొత్రమా? అదిగో దూడల కొట్టం తలుపుకు ఆనించి ఉండాది. అదీ తీసుకో, దారిలో ఎవరన్నా ఆపి ఈ రాయి ఎవరిదని అడిగితే ఏం చూపిస్తావు? చిక్కమ్మా, ఆ తలుపుకు ఇంగేదన్నా అడ్డం పెట్టు, దూడ బయటికి వస్తుండాది.