ఎడమ భుజం

జింకల వేట మొదలవడానికి ఇంకా వారం ఉంది. విస్కాన్సిన్‌లోని ఒక చిన్న తుపాకుల దుకాణంలో ముసలి యజమాని, తొలిసారి సొంత రైఫిల్ కొనుక్కోవడానికి వచ్చిన ఒక స్త్రీ మాట్లాడుకుంటున్నారు.

“సెమీ ఆటోమేటిక్ అంటే గుళ్ళు వాటంతటవే పేలుతూ పోతాయా?”

“లేదమ్మా. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే. ఖాళీ తొడుగును తనే విసిరేసి, కొత్త తూటా తనే ఎక్కించుకుంటుంది.”

“అయితే నాకదే కావాలి. మణికట్టు విరిగాక తూటా తూటాకీ చేత్తో బోల్టు లాగి ఎక్కించలేకపోతున్నాను. కాస్త చవకలో చూపించండి.”

“ఇది పాతదే, కానీ గట్టిది, నాలాగా. పట్టుకుని చూడు. అరె, ఎడమ భుజానికి పెట్టావేం? ఎడమచేతి వాటమా?”

“నాది కాదు, మా నాన్నది. ఆయన్ని చూసే నేర్చుకున్నాను.”

“తొడుగు కుడివైపుకి ఎగురుతుంది. నీ కళ్ళముందు నుంచే పోతుంది. ఎడమవాటం రైఫిల్ నువ్వడిగినంత చవకలో రాదు. కుడికి మార్చి చూడు.”

“హాయిగానే ఉంది. గురి కూడా బాగా కనిపిస్తోంది.”

“మరి ఆ మొహమేంటి?”

“నాన్న పోయాక ఇదే మొదటి వేట. ఆయన మంచె మీద ఒక్కదాన్నే కూర్చోవాలి. భుజం మారిస్తే ఆయన్ని కూడా దించేసినట్టు ఉంటుందేమో.”

“తూటా లేదని నీ ఎదుటే చూసి ఇచ్చాను కదా. అయినా అందుకోగానే నువ్వు మళ్ళీ తెరిచి చూసుకున్నావు. అది ఎవరు నేర్పారు?”

“నాన్నే.”

“ఆ అలవాటుకి ఏ భుజమైనా ఒకటేనమ్మా.”

ఆమె రైఫిల్‌ను మరోసారి తెరిచి లోపల చూసుకుంది. తర్వాత కుడి భుజానికి ఆనించింది.